అందరికీ ఒక దొంగ కావాలి

"యంత్రం డ్రమ్ముకి తాళంచెవులెన్ని?"

"రెండు మేడమ్. ఒకటి డాక్టర్‌గారి దగ్గర, ఒకటి నా దగ్గర. ఎన్నిసార్లు అడిగినా రెండే, మూడోది పుట్టదు కదా."

"ఆగస్టులో టేమా ఎందుకెళ్లావు?"

"మా ఆవిడ మేనమామ పోయాడు. శనివారం ఖననం, ఆదివారం చర్చి. రెండు రోజులూ నేను అక్కడే ఉన్నా. కావాలంటే మా అత్తగారిని అడగండి. ఆవిడకి నేనంటే అస్సలు పడదు, నాకోసం అబద్ధం చెప్పదు."

నేరం చేసినవాడెవడూ అత్తగారిని సాక్షిగా పిలవడు. నాకు నవ్వొచ్చింది గానీ, ఎదురుగా ఉన్నది నిందితుడు కాబట్టి ఆపుకున్నాను. పేరు క్వామె టుఫూర్, వృత్తి ఫిట్టరు. నిన్న మధ్యాహ్నం పనిలో ఉన్నవాడిని ఉన్నట్టే పట్టుకొచ్చారు. చొక్కా మీద గ్రీజు మరకలు ఇంకా అలాగే ఉన్నాయి.

కుమాసి నేర పరిశోధన విభాగంలో చేరాక బంగారం, కార్లు, కోకో బస్తాలు పోయిన కేసులు చాలా చూశాను. ఒక ఆలోచన పోయిందంటూ కేసు రావడం ఇదే మొదలు. ఇక్కడి పరిశోధన కేంద్రంలో డాక్టర్ అపెంటెంగ్ అనే ఆయన ఏడేళ్లు కష్టపడి కర్రపెండలం తొక్క తీసే యంత్రం తయారుచేశాడు. వినడానికి ఇదేమంత గొప్ప అనిపిస్తుంది. కానీ ఏ రెండు దుంపలూ ఒక్క తీరున ఉండవు. ఇంతవరకూ వచ్చిన యంత్రాలన్నీ తొక్కతో పాటు సగం దుంపనీ చెక్కి పారేసేవి. అందుకే ఇప్పటికీ ఆడవాళ్లు కత్తి పట్టుకుని రోజంతా చెక్కుతూనే ఉన్నారు. ఈయన యంత్రం తొక్కని మాత్రమే తీస్తుంది. అక్రాలోని ఒక పెట్టుబడి సంస్థ దాన్ని చూసి, ఎజురాలో కార్ఖానా కడతాం, నూట నలభై మందికి ఉద్యోగాలిస్తాం అంది. ఒక్కటే షరతు పెట్టింది. యంత్రం మీద హక్కు డాక్టర్ పేరున పక్కాగా ఉండాలి.

పోయిన నెల డాక్టర్ పేటెంటు కోసం అర్జీ పెట్టాడు. టేమాలోని ఒక యంత్రాల కంపెనీ సరిగ్గా అదే యంత్రానికి వారం ముందే అర్జీ పెట్టి కూర్చుంది. ముందు పెట్టినవాడిదే హక్కు. ఆ అర్జీ పడిపోవాలంటే వాళ్లు దొంగిలించారని రుజువు చేయాలి. అంటే ఒక దొంగ కావాలి. రెండో తాళం ఉన్నవాడు టుఫూరే కాబట్టి, అతన్ని తెచ్చి నా లాకప్పులో పెట్టారు. ఈ సాయంత్రం కోర్టు మూసేలోపు నేను అభియోగపత్రం మీద సంతకం పెడితే అతను రెండు వారాలు రిమాండు మీద జైలుకి వెళతాడు.

"డాక్టర్‌గారు వచ్చారా మేడమ్?" అని అడిగాడు టుఫూర్.

"రాలేదు."

"పనిలో ఉండుంటారు. ఆయనొచ్చి ఒక్క మాట చెబితే మీకే తెలిసిపోతుంది."

అతని గొంతులో ఏ కోశానా అనుమానం లేదు. ఫిర్యాదు కాగితం మీద సంతకం ఎవరిదో అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి నాకూ నోరు రాలేదు.

వర్క్‌షాపుకి వెళ్లేసరికి డాక్టర్ అపెంటెంగ్ నాకు కుర్చీ వేశాడు, నీళ్లిచ్చాడు, నేను తాగి గ్లాసు కింద పెట్టాక ఏం పని మీద వచ్చావమ్మా అని అడిగాడు. కేసు పెట్టిందే ఆయన. అయినా మర్యాద మర్యాదే. అరవైకి దగ్గర పడ్డ మనిషి, చర్చిలో పెద్ద. అబద్ధమాడటం చేతకాని మొహం.

"డాక్టర్‌గారూ, యంత్రం లోపలి భాగం మీరు ఎవరికైనా చూపించారా? బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి."

"ఎవరికీ చూపించలేదమ్మా. డబ్బు పెడతామన్నవాళ్లకి కూడా మూత వేసే చూపించాను. దేవుడి తోడు."

ఆయన మూత తాళం తీశాడు. డ్రమ్ము లోపలి గోడ నిండా స్ప్రింగుల మీద నిలబడ్డ రబ్బరు వేళ్లు, వాటి మధ్య సన్నటి బ్లేడ్లు. ఒక వేలిని నొక్కితే వెనక్కి వంగి మళ్లీ లేచింది. దుంప ఎంత వంకరగా ఉన్నా వేళ్లు దాని ఒంపుని బట్టి వంగుతాయి. రహస్యమంతా అక్కడే ఉంది. టేమా కంపెనీ యంత్రం తమదేనంటూ పెట్టుబడి సంస్థకి చూపించిన బొమ్మ నకలు నా దగ్గరుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. అవే వరసలు, అవే స్ప్రింగులు, వేళ్ల మధ్య ఎడం కూడా అంతే. చూసి గీసిందే, సందేహం లేదు.

ఒక్కచోట మాత్రం తేడా ఉంది. బొమ్మలో డ్రమ్ము మూతి చుట్టూ జానెడు ఎత్తున రేకు పట్టీ ఉంది. ఎదురుగా ఉన్న డ్రమ్ముకి అలాంటిదేమీ లేదు. అయితే మూతి అంచు మీద నాలుగు వైపులా నాలుగు బోల్టులు బిగించి ఉన్నాయి. అవి దేన్నీ పట్టుకుని లేవు. ఊరికే బెజ్జాల్లో కూర్చున్నాయి.

"ఇవెందుకు?"

"ఏమోనమ్మా. మా ఫిట్టర్లు బెజ్జాలు వేస్తూనే ఉంటారు, మూస్తూనే ఉంటారు."

"బోల్టులు లెక్కపెడుతున్నావా చెల్లెమ్మా?" అంది వెనకనించి ఒక గొంతు. "ఇంత పని చేస్తున్నావు, జీతం పెంచమని అడుగు."

తిరిగి చూడకుండానే తెలిసింది, అడోమాకో అని. ఒకప్పుడు మా విభాగంలో నా పై అధికారి. ఉద్యోగం మానేసి ప్రైవేటు డిటెక్టివ్ అయ్యాడు. ఇప్పుడు ఆ పెట్టుబడి సంస్థ తరఫున పనిచేస్తున్నాడు. టుఫూర్‌ని పట్టించింది ఇతనే. నాకు అడోమాకో అంటే మొదటినించీ పడదు. ముందు దొంగని ఎంచుకుని, ఆ తర్వాత అతనికి సరిపడే నేరం వెతుకుతాడు. అలా అని తెలివితక్కువవాడు కాదు. అదే నా బాధ.

"అన్నగారూ, సమయానికి వచ్చారు. టుఫూరే గుట్టు అమ్ముకున్నాడు అంటారు కదా. మరి ఈ యంత్రానికి లేని రేకు పట్టీ వాళ్ల బొమ్మలోకి ఎలా వచ్చింది?"

"కలుపుకుని ఉంటారు. కారు దొంగిలించినవాడు రంగు మార్చడా ఏంటి?"

"మారుస్తాడు. మరి వాళ్లు కొత్తగా కలుపుకున్న పట్టీకి సరిపోయే నాలుగు బెజ్జాలు ఈ యంత్రానికి ఎందుకున్నాయి?"

అడోమాకో వంగి బోల్టుల వైపు చూశాడు. నిటారుగా లేచి మాట మార్చాడు.

"ఎజురాలో నూట నలభై మంది పేర్లిచ్చి ఎదురు చూస్తున్నారు. నీ బోల్టులు వాళ్లకి తిండి పెడతాయా?"

"టుఫూర్ పెళ్లాం పిల్లలకి మీరు పెడతారా?"

"రెండు వారాలేగా! మేం దొంగని పట్టుకున్నామంటే టేమావాళ్లు బెదిరిపోయి అర్జీ వెనక్కి తీసుకుంటారు. ఆ తర్వాత సాక్ష్యం చాలలేదని నువ్వే అతన్ని వదిలెయ్. ఎవరికేం నష్టం?"

"మీ తమ్ముడిని పంపండి మరి, రెండు వారాలే కదా."

"నోరు మాత్రం తగ్గలేదు నీకు."

"మీ దగ్గరే నేర్చుకున్నాను అన్నగారూ."

డాక్టర్ మా ఇద్దరి వైపూ చూడకుండా, శుభ్రంగా ఉన్న పానాని గుడ్డతో తుడుస్తూ నిలబడ్డాడు. రెండు వారాల మాట విని కూడా ఆయన అది తప్పు అనలేదు. నాకు చిరాకేసింది.

స్టేషన్‌కి ఫోన్ చేసి టుఫూర్‌కి ఇమ్మన్నాను.

"డ్రమ్ము మూతి మీద నాలుగు బోల్టులున్నాయి. ఎవరు వేశారు?"

"నేనే. ఆ రేకు పట్టీకి వేసినవి. అదంతా చర్చి పెద్దావిడ, డీకనెస్ ఫోస్వా గోల మేడమ్. పోయినేడు పంటల పండక్కి యంత్రాన్ని చర్చికి తీసుకెళ్లామా, ఆడవాళ్లంతా తెల్లబట్టలు కట్టుకుని ముందు వరసలో కూర్చుంటారు. పెండలం రసం చిమ్మితే మా బట్టలు ఏం కాను అని పొద్దున్నే వచ్చి నా ప్రాణం తీసింది. అప్పటికప్పుడు రేకు కోసి బిగించా. మర్నాడే ఊడదీసేశా. అయినా అదెందుకు ఇప్పుడు?"

"తర్వాత చెబుతాను."

ఫోన్ పెట్టేసి డాక్టర్ వైపు తిరిగాను. "యంత్రాన్ని చర్చికి తీసుకెళ్లారా?"

"తీసుకెళ్లామమ్మా. అది పనిచేసిన ఏడాది దేవుడికి చూపించకుండా ఎలా ఉంటాం?"

"ఎవరికీ చూపించలేదన్నారు."

"ఎవరికి చూపించాను? దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాం."

ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా అన్నాడు. ఆయన లెక్కలో చర్చి అంటే ఇల్లు, అక్కడున్నది ఇంట్లోవాళ్లు. నేనూ ఈ ఊళ్లో పెరిగినదాన్నే. మా అన్నయ్య కొత్త కారు కొన్నప్పుడు మేమూ ముందు చర్చికే నడిపించుకెళ్లాం. కాబట్టి ఆయన్ని తప్పు పట్టలేకపోయాను. అడోమాకో మొహం వైపు చూస్తే నవ్వు మాయమైంది. విషయం నాకంటే ముందే అతనికి అర్థమైనట్టుంది.

"చర్చిలో వీడియో తీస్తారా?" అని అడిగాను.

"తీస్తారు," అన్నాడు డాక్టర్.

"పద చెల్లెమ్మా, నేనూ వస్తాను," అన్నాడు అడోమాకో. అతన్ని రావద్దనడానికి నాకు కారణం దొరకలేదు. అక్కడే పొరపాటు చేశాను.

చర్చి వెనక చిన్న గదికి డాక్టరే మమ్మల్ని తీసుకెళ్లాడు. అందులో మైకు వైర్లు, ఒక పాత కంప్యూటరు. తాళంచెవి డీకనెస్ ఫోస్వా దగ్గరే ఉంది. డెబ్బై ఏళ్ల ఆవిడ. డాక్టర్‌ని పేరు పెట్టి పిలుస్తుంది, నన్ను పిల్లా అంది, అడోమాకోని అసలు పలకరించలేదు.

"పోయినేటి పంటల పండగా? ఉంది, ఉంది. బయట ఎక్కడా పెట్టలేదు. మా పాస్టరుగారికి అవన్నీ నచ్చవు. ఇదిగో, ఈ డబ్బాలో తప్ప ఇంకెక్కడా లేదు." కంప్యూటరుకి తగిలించి ఉన్న చిన్న డ్రైవుని వేలితో తట్టింది. వీడియో పెట్టి తెర మీద తనని తాను వెతుక్కుంది. "అదిగో, నేనే. చూశావా పిల్లా, ఒక్క చుక్క పడలేదు నా బట్టల మీద!" అని మురిసిపోయి, పాటల అభ్యాసానికి టైమైందంటూ వెళ్లిపోయింది.

మేం ముగ్గురం మిగిలాం. వీడియో నడుస్తోంది. పీఠం ముందు అరటి గెలలు, కంద దుంపలు, కోళ్లు, వాటి మధ్య యంత్రం. దాని మూతికి రేకు పట్టీ మెరుస్తోంది. పాస్టరు ఎప్పటిలాగే, మొదటిసారి వచ్చినవాళ్లు లేచి నిలబడి పేర్లు చెప్పండి అన్నాడు. ముగ్గురు లేచారు. మూడోవాడు కళ్లద్దాల మనిషి. మైకు అందుకుని చక్కగా చెప్పాడు.

"నా పేరు లార్టే. టేమా నుంచి వచ్చాను. యంత్రాల కంపెనీలో ఇంజనీరుని."

అందరూ చప్పట్లు కొట్టి స్వాగతం పాట పాడారు. పక్కవాళ్లు అతన్ని కావలించుకున్నారు.

తర్వాత డాక్టర్ మైకు తీసుకున్నాడు. పరిశోధనకి రావాల్సిన డబ్బు ఏడాదిన్నరగా రాలేదనీ, యంత్రానికి గట్టి చట్రం కట్టే ఇనుము కొనడానికి కూడా లేదనీ, సంఘం ఆదుకుంటే ఎన్నో కుటుంబాలకి పని దొరుకుతుందనీ చెప్పాడు. బాగా చెప్పాడు. నేనక్కడ ఉంటే నేనూ ఇచ్చేదాన్ని. జనం తలలూపుతుంటే ఆయనకి ఇంకా ఉత్సాహం వచ్చింది. జేబులోంచి తాళం తీసి మూత తెరిచాడు. స్ప్రింగు ఎందుకు, ఎంత బిగువుండాలి, రబ్బరు ఏ రకం, బ్లేడు ఏ వాలున పెట్టాలి, అన్నీ వరసగా వివరించాడు. మధ్యలో ఆగి మందిలోకి చూశాడు.

"బ్రదర్ లార్టే, మీరు ఇంజనీరు కదా, అంత దూరంలో కూర్చున్నారేం? ముందుకి రండి, దగ్గర్నించి చూడండి."

లార్టే ముందుకి వచ్చాడు. ఫోనుని డ్రమ్ము మీద పట్టుకుని నిదానంగా చుట్టూ తిప్పాడు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఒక పెద్దావిడ అతనికి అడ్డం రాకుండా పిల్లల్ని పక్కకి జరిపింది కూడా. తర్వాత పుట్టిన రోజుని బట్టి, సోమవారంవాళ్లు ఒక జట్టు, మంగళవారంవాళ్లు ఒక జట్టుగా కానుకలు వేసే పోటీ మొదలైంది. లార్టే శుక్రవారం జట్టుతో కలిసి చేతిరుమాలు ఊపుతూ, చిందులేస్తూ వెళ్లి కానుక వేశాడు. ఆ రోజు ఎక్కువ డబ్బు వేసి శుక్రవారం జట్టే గెలిచింది.

నేను వీడియోని వెనక్కి జరిపి, డాక్టర్ లార్టేని పిలిచే చోట ఆపాను.

"దొంగ లేడు," అన్నాను. "టుఫూర్ అమ్మలేదు, లార్టే దొంగిలించలేదు. పిలిచి చూపించారు."

"అంతకంటే ఘోరం," అన్నాడు అడోమాకో. ఇప్పుడతని గొంతులో వెటకారం లేదు. "పదిమందిలో చూపించినదాన్ని చట్టం అందరిదీ అంటుంది. చూపించినవాడికి ఒక ఏడాది గడువిస్తుంది. ఆలోగా అర్జీ పెట్టుకోవాలి. తెర మీద తేదీ చూడు. పోయినేడు సెప్టెంబరు. డాక్టర్‌గారు అర్జీ పెట్టింది మొన్న అక్టోబరు."

"టేమావాళ్లది?"

"అదీ చెల్లదు. వాళ్లకంటే ముందే ఇంతమంది చూశారుగా. ఈ వీడియో బయటికొస్తే యంత్రం ఎవరిదీ కాదు. ఎవడైనా చేసుకోవచ్చు, ఎవడైనా అమ్ముకోవచ్చు. అలాంటిదాని మీద మావాళ్లు పైసా పెట్టరు. ఎజురా కార్ఖానా అయిపోయినట్టే."

డాక్టర్ అపెంటెంగ్ తెర మీదున్న తన బొమ్మనే చూస్తున్నాడు. తెర మీద ఆయన నవ్వుతూ చెయ్యి చాపి ఉన్నాడు.

"అర్జీ ఫీజు కట్టమని మా పరిశోధన కేంద్రాన్ని అడుగుతూనే ఉన్నానమ్మా," అన్నాడు మెల్లగా. "వచ్చే నెల, వచ్చే నెల అన్నారు. ఆ ఇనుము మా చర్చివాళ్లే కొనిచ్చారు. వాళ్లు ఇవ్వకపోతే యంత్రం ఇంతదాకా వచ్చేదే కాదు."

నాకు ఆయన మీద జాలేసింది. ఏడేళ్ల కష్టం ఒక మనిషి కళ్ల ముందే చేజారిపోతుంటే చూడటం కష్టం. ఆ నూట నలభై మందిలో ఒక్కరి మొహమూ నేను చూడలేదు గానీ, వాళ్లూ నా గుండెల మీద కూర్చున్నారు. అయినా లాకప్పులో ఉన్నవాడి మొహం నేను పొద్దున్నే చూశాను. డ్రైవుని కంప్యూటర్నించి లాగి గుప్పిట్లో పెట్టుకున్నాను.

"చెల్లెమ్మా, ఒక్క నిమిషం ఆలోచించు," అన్నాడు అడోమాకో.

"ఆలోచించడానికి ఏముంది అన్నగారూ? దొంగతనమే జరగనప్పుడు దొంగని ఎలా పట్టి ఉంచను? సాయంత్రంలోపు టుఫూర్ ఇంట్లో ఉంటాడు."

"ఒక మనిషికి రెండు వారాలు, ఇటు నూట నలభై కుటుంబాలు. తూకం వెయ్యి."

"నేను పోలీసుని, కొట్లో కూర్చుని తూకాలు వేయను."

అతను నాకు అడ్డంగా రెండడుగులు వేశాడు. పెద్ద శరీరం, చిన్న గది. చెయ్యి జాపితే నా మణికట్టు అందుతుంది. నేను కళ్లు అతని చేతుల మీదే ఉంచాను. భయం వేయలేదంటే అబద్ధం. కానీ అడోమాకో ఏం చేస్తాడో నాకు తెలుసు, ఏళ్ల తరబడి చూసినవాడే.

"టుఫూర్‌తో నేను మాట్లాడతానమ్మా," అంది ఇంకో గొంతు, చాలా మర్యాదగా. "వాడు నా మాట కాదనడు. నువ్వే చేశావని ఒప్పుకోరా అంటే ఒప్పుకుంటాడు. వాడి కుటుంబాన్ని నేను చూసుకుంటాను."

గడియ పడ్డ చప్పుడైంది. అడోమాకో కూడా ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. తలుపుకి వీపు ఆనించి డాక్టర్ అపెంటెంగ్ నిలబడి ఉన్నాడు. కళ్లనిండా నీళ్లు.

"ఆ డ్రైవు ఇలా ఇవ్వమ్మా," అన్నాడు.